రాత్రి మూడు గంటల లెక్క

అప్పట్లో నేనొక చిన్న మున్సిపాలిటీలో మేనేజర్‌ని. ఒకరోజు తెల్లవారేసరికి వాటర్ వర్క్స్‌లో మోటారుకు వెళ్ళే రాగి కేబుల్ మాయమైంది. పంపు ఆడలేదు. నాలుగు వార్డుల్లో బిందెలు ఖాళీగా ఉండిపోయాయి. ఆ వారం కౌన్సిల్ సమావేశంలో ఒక సభ్యుడు లేచి, "గార్డులకని నెలనెలా బిల్లు కడుతున్నాం కదా, వాళ్ళక్కడ ఏం చేస్తున్నట్టు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, ఫైలు మాత్రం ఉంది. ఫైలు ప్రకారం అన్నీ సక్రమమే.

ఆ రాత్రి మూడింటికి స్కూటర్ వేసుకుని వెళ్ళాను. గేటుకు గొళ్ళెం పెట్టి ఉంది, తాళం లేదు. లోపలికి నడిచాను. నన్ను ఎవరూ ఆపలేదు. గార్డు గదిలో బల్ల మీద రిజిస్టర్ తెరిచి ఉంది. గంట గంటకూ తిరిగి చూసినట్టు 'ఆల్ ఓకే' అని సంతకాలు ఉన్నాయి. నాలుగింటి సంతకం, అయిదింటి సంతకం, ఆరింటి సంతకం కూడా పెట్టేసి ఉన్నాయి. అప్పటికి టైము మూడు దాటి పది నిమిషాలే. రిజిస్టర్ తీసి సంచిలో వేసుకున్నాను. అప్పుడూ ఎవరూ ఆపలేదు.

పంపుహౌస్ వెనకాల గోనెపట్టా మీద గార్డు పడుకుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. లేపితే ఉలిక్కిపడి టోపీ వెతుక్కున్నాడు. 

"ఏం పెద్దాయనా ఇది?" అన్నాను. 

"తప్పయిపోయింది సార్. పొద్దున ఆరింటి నుంచి రెండింటి దాకా అపార్ట్‌మెంట్ కాడ చేశా. రెండింటి నుంచి పదింటి దాకా ఇక్కడే. రాత్రి మనిషి రాలేదని సూపర్‌వైజర్ తెల్లారేదాకా నన్నే ఉండమన్నాడు."

అంటే నేను లేపేసరికి ఆయన ఇరవై ఒక్క గంటలుగా డ్యూటీలో ఉన్నాడు. మర్నాడు ఆయన్ని తీసెయ్యమని ఏజెన్సీకి ఉత్తరం రాయడానికి పెన్ను తీశాను. రాసేముందు పాత టెండర్ ఫైలు మళ్ళీ ఒకసారి తిరగేశాను. ఆ నిద్రకు మంజూరు ఇచ్చిన సంతకం నాదే.

ఎలాగో ఈ అధ్యాయంలో చెబుతాను. మీరు మున్సిపల్ ఆఫీసులో కొత్తగా చేరిన ఉద్యోగి కావచ్చు, వార్డు కౌన్సిలర్ కావచ్చు, పంచాయతీ కార్యదర్శి కావచ్చు. సెక్యూరిటీ టెండర్ ఫైలు ఏదో ఒకరోజు మీ బల్ల మీదికి వస్తుంది. అప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. మనం డబ్బిచ్చి కొంటున్నది యూనిఫారం వేసుకున్న మనిషిని అనుకుంటాం. నిజానికి కొనాల్సింది ఆ మనిషి మెలకువను. తలలు లెక్కపెట్టి రాసిన టెండరుకు తలలే వస్తాయి. మెలకువ కావాలంటే దాన్ని మొదటి కాగితం నుంచే లెక్కగట్టాలి.

ముందు గేటు, తర్వాత కంప్యూటర్

టెండర్ నోట్ ఎలా తయారవుతుందో మనందరికీ తెలుసు. పోయిన ఏడాది ఫైలు తెరుస్తాం, తేదీలు మారుస్తాం, పది శాతం పెంచుతాం, సంతకానికి పెడతాం. పోయిన ఏడాది తప్పు ఈ ఏడాదికి తీర్మానం అవుతుంది.

ఆ పని ఆపండి. ప్రతి స్థలానికీ మూడుసార్లు వెళ్ళండి: పగలు ఒకసారి, సాయంత్రం జనం ఉన్నప్పుడు ఒకసారి, రాత్రి మూడింటికి ఒకసారి. వెళ్ళిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ పోగలిగేది ఏమిటి? అది ఏ వేళకు పోతుంది?

వాటర్ వర్క్స్‌లో పోయేవి కేబుల్, వాల్వులు, మోటారు విడిభాగాలు. అవి రాత్రి పోతాయి. సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు దగ్గర పోయేవి ప్రాణాలు. అవి వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పోతాయి, కంచెకున్న సందులోంచి పిల్లలు ఈతకు దూరినప్పుడు. రెండు చోట్లా ఒకటే 'రాత్రి గార్డు' అని రాస్తే, ట్యాంకు దగ్గర పిల్లలు లేని వేళకు కాపలా పెట్టినట్టవుతుంది. డంపింగ్ యార్డులో దొంగల కన్నా నిప్పుకు భయపడాలి. ఎవరిదో లారీ చీకట్లో వచ్చి ఆసుపత్రి చెత్త దింపి పోతుందేమో చూసుకోవాలి. అక్కడి గార్డు పని లారీ నంబరు రాసుకోవడం, పొగ కనబడగానే ఫోన్ చేయడం. పార్కులో కావలసింది లాఠీ పట్టుకున్న మనిషి కన్నా మాట తెలిసిన మనిషి. సాయంత్రం నడకకు వచ్చే పెద్దవాళ్ళతో, బెంచీ మీద సీసా తెరిచే కుర్రాళ్ళతో, తప్పిపోయిన పిల్లతో ఒకే గంటలో మూడు రకాలుగా మాట్లాడగలగాలి. అక్కడ ఒక షిఫ్టుకైనా మహిళా గార్డు ఉండాలని టెండర్‌లోనే రాయండి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. అసలు ఇక్కడ గార్డు కావాలా? 2024 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్ దగ్గర నందికొండ మున్సిపాలిటీ తాగునీటి ట్యాంకులో పదుల కొద్దీ కోతుల కళేబరాలు బయటపడ్డాయి. ఎండకు నీళ్ళ కోసం దిగిన కోతులు పైకి రాలేకపోయాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. అలాంటి చోట ముందు కావలసింది గట్టి మూత, జాలీ, తాళం, వారానికోసారి మెట్లెక్కి లోపలికి చూసే మనిషి. కింద గేటు దగ్గర కూర్చున్న గార్డుకు పైన ట్యాంకులో ఏముందో కనబడదు. మూత పని మూతకు, దీపం పని దీపానికి అప్పజెప్పాక మిగిలిన పనికే మనిషిని అడగండి. గార్డు జీతం ప్రతి నెలా వచ్చే ఖర్చు, మూతకు ఒకసారి పెడితే చాలు.

ఒక పాయింట్‌కు ఎంతమంది?

నా తప్పు ఇక్కడే జరిగింది. మాకు నాలుగు పాయింట్లు, ఒక్కోచోట ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండాలి. రోజుకు మూడు షిఫ్టులు కాబట్టి మూడు నాలుగులు పన్నెండు. పన్నెండు మంది గార్డులు అని రాశాను. నోటి లెక్క. మీరు మాత్రం కాగితం మీద చేయండి.

ఒక పాయింట్‌కు ఏడాదికి 365 రోజులు, రోజుకు 3 షిఫ్టులు, మొత్తం 1,095 షిఫ్టులు. ఒక గార్డు ఏడాదిలో ఎన్ని చేయగలడు? వారానికి ఒక సెలవు తీసేస్తే 313 రోజులు. జాతీయ సెలవులు, పండుగలు, ఆర్జిత సెలవు, ఒక జ్వరం, ఇంట్లో ఒక పెళ్ళి కలిపి 20 రోజులనుకుంటే మిగిలేవి 293. ఇప్పుడు 1,095ను 293తో భాగించండి. 3.74 వస్తుంది. నాలుగు పాయింట్లకు 15 మంది కావాలి.

నేను రాసింది పన్నెండు. ముగ్గురు తక్కువైతే ఏమవుతుంది? నాలుగు పాయింట్లకు ఏడాదికి 4,380 షిఫ్టులు. పన్నెండు మంది చేయగలిగింది 3,516. మిగిలిన 864 షిఫ్టులు ఎవరు చేశారు? రోజుకు రెండుకు పైనే పడతాయవి. ఎనిమిది గంటలు చేసినవాడే మళ్ళీ ఎనిమిది గంటలు చేశాడు, లేకపోతే ఎవరూ చేయలేదు. రిజిస్టర్‌లో మాత్రం అన్నీ చేసినట్టే ఉన్నాయి. ఆ పెద్దాయన గోనెపట్టా నా నోట్ ఫైలులోంచే వచ్చింది.

కాబట్టి టెండర్‌లో 'పన్నెండు మంది' అని తలలు రాయకండి. 'నాలుగు పాయింట్లు, ఎనిమిది గంటల షిఫ్టులు, రిలీవర్లతో కలిపి కనీసం పదిహేను మంది పేర్లు మస్టర్ రోల్‌లో ఉండాలి' అని రాయండి. పన్నెండు గంటల షిఫ్టు ఒప్పుకుంటే ఇద్దరితో సరిపోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వారానికి 168 గంటలను ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి 84. చట్టం అనుమతించే వారం 48 గంటలు. ఆ సలహా ఇచ్చినాయన్ని ఒక్క వారం ఆ డ్యూటీ చేసి చూడమనండి.

తక్కువ ధర ఎక్కడి నుంచి వస్తుంది?

ఎల్1, అంటే అందరికన్నా తక్కువ కోట్ చేసిన బిడ్, అనే మాటకు మన ఆఫీసుల్లో మంత్రశక్తి ఉంది. తక్కువ రేటుకు ఇచ్చాం అంటే ఆడిట్‌లో ఎవరూ అడగరు. సిమెంటు బస్తా కొనేటప్పుడు అది సరే. గార్డు సేవలో ఖర్చు దాదాపు అంతా జీతమే. జీతం కార్మిక శాఖ నోటిఫికేషన్‌లో ఉంది, పీఎఫ్ చట్టంలో ఉంది, ఈఎస్ఐ చట్టంలో ఉంది. మరి ఒకరు ఇంకొకరి కన్నా ఎలా తగ్గించగలుగుతున్నారు?

ఒక ఉదాహరణ చూద్దాం. గార్డు వేతనం నెలకు 15,000 అనుకుందాం. మీ జోన్‌కు వర్తించే అంకెను నోటిఫికేషన్‌లో చూసి ఇక్కడ వేసుకోండి. యజమాని కట్టాల్సిన పీఎఫ్, బీమా, నిర్వహణ చార్జీలతో కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, 487.50. కనీస బోనస్ 8.33 శాతం, 1,249.50. మొత్తం 18,687. యూనిఫారం, టార్చి, రెయిన్‌కోటు, సూపర్‌వైజర్ ఖర్చు, ఏజెన్సీ లాభం ఇంకా కలపలేదు. ఎవరైనా 17,500కి కోట్ చేస్తే ఆ తేడా ఏజెన్సీ యజమాని జేబులోంచి రాదు. గార్డు పీఎఫ్ ఖాతాలోంచో, వారపు సెలవులోంచో, రెండో షిఫ్టులోంచో వస్తుంది. చివరికి మీ వాటర్ వర్క్స్ కేబుల్‌లోంచి వస్తుంది.

దీనికి మందు ఒకటుంది. చట్టప్రకారం కట్టాల్సినవన్నీ టెండర్‌లో మీరే స్థిరమైన అంకెలుగా ఇచ్చేయండి. పోటీ కేవలం ఏజెన్సీ సర్వీసు చార్జీ మీదే పెట్టండి. కరువు భత్యం ఆరు నెలలకోసారి మారుతుంది. పెరిగిన మేరకు మున్సిపాలిటీ చెల్లిస్తుందనీ, ఆ పెంపు పూర్తిగా గార్డుకు చేరాలనీ రాయండి. లేకపోతే ఏడో నెల నుంచి ఏజెన్సీ ఎక్కడో ఒకచోట కోత మొదలుపెడుతుంది.

అప్పుడు కొత్త చిక్కొకటి వస్తుంది. సర్వీసు చార్జీ సున్నా అని కోట్ చేసేవాళ్ళు బయల్దేరతారు. ఉచితంగా పనిచేస్తానని వచ్చే వ్యాపారిని చూస్తే నవ్వు రావాలి, మనం మాత్రం ఆయనకే వర్క్ ఆర్డర్ ఇస్తాం. ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్‌లో ఈ పోకడ చూసే, మ్యాన్‌పవర్ సేవలకు సర్వీసు చార్జీ 3.85 శాతానికి తగ్గకూడదని కేంద్ర ఆర్థిక శాఖ గీత గీసింది. దాంతో అందరూ ఆ గీత మీదే వచ్చి నిలబడ్డారు. అందరి రేటూ ఒకటే అయినప్పుడు చీటీ తీసినట్టు ఒకరిని ఎంచాల్సి వస్తుంది. ధర ఒక్కటే కొలతగా పెట్టుకున్నంతకాలం ఇది తప్పదు. కేంద్రం 2021 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కన్సల్టెన్సీ కాని సేవల్లో కూడా, తగిన స్థాయి అనుమతితో, నాణ్యతకు 30 శాతం దాకా మార్కులు ఇచ్చే దారి తెరిచాయి. మీ రాష్ట్ర నిబంధనలు ఏమంటున్నాయో చూసుకుని, వీలుంటే ఆ దారి పట్టండి. పాత క్లయింట్ల దగ్గర గార్డులు ఎంతకాలం నిలిచారు, పీఎఫ్ చలాన్లు ఏ తేదీన కట్టారు, సొంత శిక్షణ ఏర్పాటు ఉందా అనేవాటికి మార్కులు పెట్టండి. వీలులేకపోతే అవే సంగతులను అర్హత షరతులుగా పెట్టండి.

జీఎస్టీ సంగతి కూడా ముందే తేల్చుకోండి. మున్సిపల్ విధులకు సంబంధించి స్థానిక సంస్థలకు అందించే కొన్ని సేవలకు మినహాయింపు ఉంది. మీ గార్డు సేవ ఆ కోవలోకి వస్తుందో లేదో ఆడిటర్ చేత రాయించుకుని టెండర్‌లో స్పష్టంగా పెట్టండి. లేకపోతే ఒకరు 18 శాతం కలిపి, ఇంకొకరు కలపకుండా రేటు వేస్తారు. ఆ రెంటినీ పోల్చడానికి తక్కెడ ఉండదు.

ఎవరిని లోపలికి రానివ్వాలి?

సెక్యూరిటీ ఏజెన్సీ నడపాలంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద లైసెన్సు ఉండాలి. మన వాళ్ళు దాన్ని పొడి అక్షరాల్లో 'పసారా' అంటారు. లైసెన్సు లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జిరాక్సు జతచేశారా అని చూసి టిక్కు పెట్టడంతో మన పని అయిపోదు. మూడు చూడాలి. గడువు ఉందా? లైసెన్సు అయిదేళ్ళకే ఇస్తారు. మీ జిల్లాకు చెల్లుతుందా? కొన్ని జిల్లాలకే పరిమితమైన లైసెన్సులు ఉంటాయి. లైసెన్సు మీద ఉన్న పేరూ బిడ్ వేసిన పేరూ ఒకటేనా?

గార్డు విషయంలో చట్టం చెప్పేది ఇది. భారత పౌరుడై ఉండాలి, వయసు 18 నుంచి 65 లోపు, నడవడిక విచారణ జరిగి ఉండాలి, శిక్షణ పూర్తయి ఉండాలి. కేంద్ర నమూనా నియమాల ప్రకారం శిక్షణ 160 గంటలు: 100 తరగతిలో, 60 మైదానంలో. మాజీ సైనికులకూ మాజీ పోలీసులకూ తక్కువ గంటలు సరిపోతాయి. పదిహేను మంది గార్డులకు ఒక సూపర్‌వైజర్ ఉండాలి. గార్డులు వేరువేరు స్థలాల్లో చెదిరి ఉంటే ఆరుగురికి ఒకరైనా ఉండాలి. మున్సిపాలిటీ పాయింట్లు ఎప్పుడూ చెదిరే ఉంటాయి కాబట్టి మనకు రెండో లెక్కే వర్తిస్తుంది. ఈ సంగతి బిడ్ పూర్వ సమావేశంలోనే చెప్పేయండి. తర్వాత చెబితే 'రేటులో వేసుకోలేదు సార్' అంటారు.

శిక్షణ సర్టిఫికెట్లు కట్టలుగా వస్తాయి. మీరు చేయాల్సింది చిన్న పరీక్ష. పనిలో చేరే రోజు గార్డుల్ని వరసగా నిలబెట్టి ఒక మంట ఆర్పే సిలిండర్ చేతికివ్వండి. పిన్ను ఎక్కడుందో తెలిసినవాడికి శిక్షణ జరిగినట్టే.

ఆంధ్రప్రదేశ్‌లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ 2019లో ఏర్పడింది. మీ పాయింట్లు ఏ దారిలో భర్తీ కావాలో తాజా ఉత్తర్వులు చూసుకోండి. జీతం ఎవరి ద్వారా వచ్చినా 3.74 లెక్క మాత్రం మారదు.

అగ్రిమెంట్‌లో ఈ మాటలు ఉండాలి

ఒకటి. జీతం ప్రతి నెలా ఏడో తేదీలోగా గార్డు బ్యాంకు ఖాతాలో పడాలి. మున్సిపాలిటీ బిల్లు అందలేదన్న సాకు చెల్లదు. అందుకే రెండు నెలల జీతాలు సొంతంగా ఇవ్వగల ఏజెన్సీకే అర్హత అని ముందే రాయాలి.

రెండు. బిల్లుతోపాటు పోయిన నెల బ్యాంకు చెల్లింపుల జాబితా, యూఏఎన్ నంబర్లవారీగా పీఎఫ్ చలాను, ఈఎస్ఐ చలాను జతచేయాలి. ఏజెన్సీ ఎగ్గొడితే ఆ జీతం ప్రధాన యజమాని అయిన మున్సిపాలిటీయే ఇచ్చి, తర్వాత ఏజెన్సీ దగ్గర రాబట్టుకోవాలి. పాత కాంట్రాక్టు కార్మిక చట్టం అదే చెప్పింది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లూ అదే చెబుతున్నాయి. కాబట్టి చలాను చూడటం గార్డు మీద మనం చూపే దయ అనుకోకండి. అది మన ఖజానాకు మనం కాసే కాపలా.

మూడు. ఒకే మనిషి ఇరవై నాలుగు గంటల్లో రెండు షిఫ్టులు చేస్తే ఆ రెండో షిఫ్టుకు చెల్లింపు లేదు, పైగా జరిమానా. అదే ఏజెన్సీ తరఫున వేరే చోట చేసి వచ్చినా ఇదే వర్తిస్తుంది.

నాలుగు. గార్డు రాకపోతే రెండు గంటల్లో బదులు మనిషి రావాలి. రాకపోతే గంటల లెక్కన కోత.

అయిదు. ఏ జరిమానా అయినా ఏజెన్సీ సర్వీసు చార్జీలోంచి, ధరావత్తులోంచే. గార్డు జీతంలోంచి పైసా కోయకూడదు. ఈ వాక్యం లేకపోతే మీరు వేసే ప్రతి జరిమానా తిరిగి తిరిగి గోనెపట్టా మీది పెద్దాయన దగ్గరికే చేరుతుంది.

ఆరు. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ తీసుకున్నట్టు, యూనిఫారం పేరుతో కోత పెట్టినట్టు తేలితే కాంట్రాక్టు రద్దు.

పాయింట్ కాగితం

అగ్రిమెంట్ నలభై పేజీలుంటుంది. అది ఆఫీసు బీరువాలో ఉంటుంది. గార్డు దగ్గర ఏముంటుంది? చాలాచోట్ల సూపర్‌వైజర్ నోటిమాట తప్ప ఏమీ ఉండదు. ప్రతి పాయింట్‌కూ ఒక్క పేజీ, పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయించి, ప్లాస్టిక్ తొడుగు వేసి గోడకు తగిలించండి. ఎవరిని రానివ్వాలి, ఎవరిని రానివ్వకూడదు. రాత్రి తిరగాల్సిన దారి ఏది. ఏ దీపం ఎప్పుడు వేయాలి. ఏం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి: 112, ఫైర్ స్టేషన్, పంపు ఆపరేటర్, డ్యూటీ ఇంజనీరు.

వాటర్ వర్క్స్ కాగితంలో క్లోరిన్ గురించి తప్పకుండా రాయండి. క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, నేలనంటుకుని పల్లానికి పాకుతుంది. ఘాటు తగలగానే గాలి వీచే దిక్కున పరిగెత్తకూడదు. గాలికి అడ్డంగా, మెరక వైపు పోవాలి. సిలిండర్ దగ్గరికి వెళ్ళకూడదు. ఈ నాలుగు ముక్కలు తెలియని మనిషిని ఆ గేటు దగ్గర కూర్చోబెడితే, ప్రమాదం జరిగిన రోజు మొదట పడిపోయేది అతనే.

గార్డు అధికారం ఎంతో కూడా రాయండి. ఖాకీని పోలిన బట్ట వేసినంత మాత్రాన పోలీసు కాడు. కళ్ళెదుట బెయిలు దొరకని తీవ్ర నేరం జరుగుతుంటే ఏ పౌరుడైనా పట్టుకోవచ్చు. పట్టుకున్నాక ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితుల్లో ఆరు గంటల్లోగా, పోలీసులకు అప్పజెప్పాలని 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. గార్డుకున్న అధికారమూ అంతే. కొట్టడం, కట్టేయడం కుదరదు. పార్కులో పూలు కోసిన పిల్లాణ్ణి గార్డు చెంపదెబ్బ కొడితే మర్నాడు పేపర్లో వచ్చేది ఏజెన్సీ పేరు కాదు, మున్సిపాలిటీ పేరు.

మన తప్పులు మనమూ రాసుకుందాం

గార్డు నిద్రపోయాడని రాయడానికి మనకు రిజిస్టర్ ఉంది. మనం చేసినవి రాయడానికి ఏ రిజిస్టరూ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బిల్లు మన బల్ల మీద నెలలకొద్దీ ఆగుతుంది. ఏజెన్సీ అప్పు తెచ్చి జీతాలిస్తే ఆ వడ్డీ ఎక్కడో రాబట్టుకుంటుంది. జీతం ఏడో తేదీన ఇవ్వాలని షరతు పెట్టినవాళ్ళం, కాగితాలు సరిగా ఉన్న బిల్లును ఫలానా తేదీలోగా చెల్లిస్తామని మనకూ ఒక షరతు పెట్టుకోవాలి.

గార్డును అధికారి ఇంటికి కూరగాయలు తేవడానికి పంపుతాం. వాటర్ వర్క్స్ గార్డు చేత కారు కడిగిస్తాం. ఆ అరగంట గేటుకు కాపలా లేదు. పైగా ఇక్కడ డ్యూటీ అంటే అధికారికి కనబడటమే అని ఆ మనిషికి మనమే పాఠం చెప్పినట్టయింది.

'మావాడొకడున్నాడు, పెట్టించండి' అని చీటీలు వస్తాయి. అర్హత ఉంటే తప్పులేదు. అర్హత లేకపోతే ఆ చీటీతో వచ్చినవాణ్ణి సూపర్‌వైజర్ ఏమీ అనలేడు. ఒక్క పాయింట్‌లో మొదలైన ఆ మినహాయింపు మూడు నెలల్లో అన్ని పాయింట్లకూ పాకుతుంది.

ఇక కుర్చీ. ఒకసారి సమావేశంలో ఒకాయన, గార్డులకు కుర్చీ ఇస్తే నిద్రపోతారు, తీసేయండి అన్నాడు. తీసేశాం. నెల తర్వాత చూస్తే గార్డులు మోటారు షెడ్డులో గచ్చు మీద పడుకుంటున్నారు. అక్కడ మోటారు వేడికి చలి తెలియదు, గేటు మాత్రం కనబడదు. కుర్చీ తిరిగి ఇచ్చి, గేటు కనబడేలా వేయించాం. ఒక ఫ్యాను, దోమతెరకు బదులు కిటికీలకు జాలీ, తాగునీళ్ళు, మరుగుదొడ్డి ఏర్పాటు చేశాం. పెద్ద ఖర్చు కాలేదు. మనిషి మెలకువగా ఉండాలంటే ముందు మనిషిలా కూర్చోగలగాలి.

ఈ వారం చేయాల్సిన పని

పుస్తకం మూసేముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ స్థలాల పేర్లు వరసగా రాయండి. ప్రతి పేరు పక్కన ఆ చోట పోగలిగేది ఏమిటో, ఏ వేళకు పోతుందో ఒక్క ముక్కలో రాయండి. మూత, తాళం, దీపం, కంచె వీటిలో ఏది తక్కువో గుర్తు పెట్టండి. అవి పెట్టాక కూడా మనిషి కావలసిన చోటే పాయింట్ అని రాసి, గంటల లెక్క, షిఫ్టుల లెక్క, మనుషుల లెక్క వేయండి. ఇప్పుడున్న అగ్రిమెంట్‌లోని అంకె పక్కన మీ అంకె పెట్టి చూడండి. ఆ తేడాయే మీ ఊళ్ళో నిద్రపోతున్న షిఫ్టులు.

తర్వాత ముగ్గురు గార్డులతో విడివిడిగా, సూపర్‌వైజర్ లేనప్పుడు మాట్లాడండి. మూడు ప్రశ్నలు చాలు: నిరుడు వారపు సెలవు ఎన్నిసార్లు దొరికింది? చేతికి ఎంత వస్తోంది? ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ కనబడుతోందా? మన ఉదాహరణలో 15,000 వేతనానికి పీఎఫ్ వాటా 1,800, ఈఎస్ఐ 112.50 పోగా చేతికి 13,087 పైచిలుకు రావాలి. గార్డు నోట 'తొమ్మిది వేలు' అని వస్తే మీరు కొంటున్నది ఏమిటో మీకు అర్థమైనట్టే.

ఆఖరుగా, అలారం మూడింటికి పెట్టుకోండి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కేబుల్ పోయాక నేను వెళ్ళాను. మీరు ముందే వెళ్ళండి.

నేను ఆ మున్సిపాలిటీ నుంచి బదిలీ అయ్యేముందు కొత్త టెండర్ వచ్చింది. పదిహేను మంది మస్టర్ రోల్‌లో ఉన్నారు. పాత పెద్దాయన్ని కొత్త ఏజెన్సీ తీసుకుంది. పాత ఏజెన్సీ కట్టని పీఎఫ్ కోసం మేము రాసిన ఉత్తరాల కాపీలు ఆయన తన సంచిలో భద్రంగా పెట్టుకున్నాడు. ఒక రాత్రి మళ్ళీ స్కూటర్ మీద వెళ్ళాను. గేటుకు తాళం ఉంది. నేను చెయ్యి వేయకముందే మొహం మీద టార్చి పడింది. కొత్త కుర్రాడు, నన్ను ఎరగడు. "ఎవరు సార్? కార్డు చూపించండి" అన్నాడు. చూపించాను. రిజిస్టర్ తెచ్చి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. లోపలంతా తిరిగి చూసి, వచ్చేస్తూ గేటు దాటాను. వెనక నుంచి పిలిచాడు.

"సార్, టైము వెయ్యలేదు."